ట్రాంగియా స్పిరిట్ స్టవ్: తొమ్మిదేళ్ళు వాడాక

స్టవ్ కొనేవాళ్ళందరూ ముందు అడిగేది ఒకటే. లీటరు నీళ్ళు ఎన్ని నిమిషాల్లో మరుగుతాయి? నేనూ అదే అడిగి కొన్నాను. ఇప్పుడు ఎవరైనా నన్ను సలహా అడిగితే నేనే ఎదురు ప్రశ్న వేస్తాను. వంటయిపోయింది, బర్నర్‌లో ఇంకా నాలుగు చెంచాల స్పిరిట్ మండుతూనే ఉంది, వాన మొదలైంది, టెంట్ సర్దాలి. ఆ మిగిలిన స్పిరిట్‌ని ఏం చేస్తావు?

2016లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో పాత సామాన్ల సంతలో రెండొందల క్రోనార్లకి కొన్నాను దీన్ని. ట్రాంగియా 27, అంటే ఇద్దరికి సరిపోయే చిన్న సైజు. లీటరు పట్టే గిన్నెలు రెండు, ఒక పెనం, గాలి అడ్డు, పట్టకారు, ఇత్తడి బర్నర్. అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయి, మన టిఫిన్ క్యారియర్ మూత పెట్టినట్టు ముద్దగా సర్దుకుంటాయి. కంపెనీ 1925లో స్వీడన్ మధ్యభాగంలో, యామ్ట్‌లాండ్ ప్రాంతంలోని ట్రాంగ్స్‌విక్కెన్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. గాలి అడ్డుతో కలిపి సెట్టుగా అమ్మడం 1951 నుంచి. ఇక్కడ చాలామంది ఇళ్ళలో తాతల నాటిదొకటి అటక మీద ఉంటుంది. నాది కూడా ఎవరి తాతదో.

వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే నవ్వింది. "అంత దూరం వెళ్ళి మళ్ళీ కిర్సనాయిలు స్టవ్వే కొన్నావేంట్రా?" కిర్సనాయిలు కాదు, స్పిరిట్ అన్నా వినలేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో గ్యాస్ వచ్చేదాకా మాది పంపు స్టవ్వే. దాని మూలరూపం ప్రైమస్ పుట్టింది కూడా స్వీడన్‌లోనే, 1892లో. ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ తయారుచేశాడు. ఆ లెక్కన అమ్మ స్టవ్వూ నా స్టవ్వూ ఒక దేశం సరుకే. కానీ స్వభావంలో రెండూ ఉత్తర దక్షిణాలు.

పంపు స్టవ్‌లో నూనెని గాలి ఒత్తిడితో పైకి నెడతాం. బర్నర్ బాగా వేడెక్కితే నూనె ఆవిరై, సన్నని బెజ్జంలోంచి బుస్సున వచ్చి నీలంగా మండుతుంది. వేడెక్కకముందే పంపు కొడితే ఆవిరి బదులు నూనే చిమ్ముతుంది. పసుపు మంట రెండడుగుల ఎత్తు లేస్తుంది. అప్పుడు అమ్మ "గాలి తియ్! గాలి తియ్!" అని అరిచేది, నేను పరిగెత్తుకెళ్ళి ట్యాంకు పక్కన స్క్రూ వదులు చేసేవాణ్ణి. ఎక్కువైన నూనెతో నా మొదటి పరిచయం అదే. వయసు తొమ్మిదో పదో.

ట్రాంగియాలో పంపు లేదు, పిన్ను లేదు, ఒత్తిడి లేదు. రెండు గోడలున్న చిన్న ఇత్తడి గిన్నె, అంతే. మధ్యలో స్పిరిట్ పోస్తాం, అడుగు నుంచి కొంత గోడల మధ్యకి కూడా చేరుతుంది. వెలిగించగానే నడిమి గుంటలో మాత్రమే మంట ఉంటుంది, బద్ధకంగా. నిమిషం గడిచేసరికి ఇత్తడి వేడెక్కి గోడల మధ్య స్పిరిట్ ఆవిరవుతుంది. అంచు చుట్టూ ఉన్న సన్నని బెజ్జాల్లోంచి మంటలు ఒక్కొక్కటే తలెత్తుతాయి. పూర్తిగా విచ్చుకున్నాక చూడ్డానికి చామంతి పువ్వులా ఉంటుంది. చప్పుడు మాత్రం ఉండదు. పంపు స్టవ్ రొద విని పెరిగినవాడికి మొదట్లో ఇది మండుతోందా లేదా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెప్తాను.

గాలి అడ్డు గురించి ఒక మాట. కింది భాగంలో ఒక పక్క బెజ్జాలుంటాయి. కొత్తవాళ్ళు వాటిని గాలికి వెనక్కి తిప్పుతారు, ఆరిపోతుందని భయం. గాలికి ఎదురుగానే తిప్పాలి. ఆ గాలి కింద నుంచి వెళ్ళి మంటని బలపరుస్తుంది. ఉత్తర స్వీడన్‌లో ఆబిస్కో నుంచి మొదలయ్యే కుంగ్స్‌లేదెన్ నడకదారిలో, త్యెక్త్యా కనుమ దగ్గర టోపీ ఎగిరిపోయే గాలిలో టీ పెట్టాను. పక్కన గ్యాస్ స్టవ్ వాళ్ళు రాళ్ళు పేర్చుకుంటూ కూర్చున్నారు. తొమ్మిదేళ్ళలో వేగం విషయంలో నేను గర్వపడ్డది ఆ ఒక్కరోజే.

మామూలు రోజుల్లో ఇది నిదానం. నిండా పోస్తే సుమారు వంద మిల్లీలీటర్లు పడుతుంది, దాదాపు 25 నిమిషాలు మండుతుంది. లీటరు నీళ్ళకి ఎనిమిది, పది నిమిషాలు. పైగా స్పిరిట్‌లో వేడి తక్కువ. కిలో కిర్సనాయిలులో సుమారు 43 మెగాజౌల్స్ వేడి ఉంటే, కిలో ఇథనాల్‌లో (స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్ అదే) 27. వారం రోజుల నడకైతే బరువులో తేడా వీపుకి తెలుస్తుంది. కందిపప్పు సంగతి మర్చిపోండి, నానబెట్టినా ఓడిపోయాను. పెసరపప్పు, ఉప్మా, అన్నం మాత్రం బ్రహ్మాండం. మంట నెమ్మది కాబట్టి తాలింపు మాడదు. బయట మైనస్ రెండు డిగ్రీల చలిలో ఆవాలు చిటపటలాడుతుంటే ఆ సుఖం వేరు.

ఇప్పుడు అసలు విషయం. బర్నర్‌తో పాటు రెండు మూతలొస్తాయి. ఒకటి మంట తగ్గించే రింగు, దాని మీద పక్కకి జరిగే రేకు ఉంటుంది. రేకు పూర్తిగా మూసి రింగుని బర్నర్ మీద పెడితే గాలి అందక మంట ఆరుతుంది. రెండోది మరచుట్టు మూత, లోపల రబ్బరు రింగుంటుంది. ఆరిన బర్నర్ చల్లారాక ఈ మూత బిగిస్తే మిగిలిన స్పిరిట్ అందులోనే ఉండిపోతుంది, సంచిలో పడేసుకోవచ్చు. ఇంత చిన్న ఏర్పాటు కోసమే నేనీ బర్నర్‌ని వదల్లేదు.

"చల్లారాక" అన్నాను చూశారా, ఆ మాట మొదటి ఏడాది నేను పట్టించుకోలేదు. ఓసారి పొద్దున్నే బస్సుకి టైమైపోతోందని వేడి మీదే మరమూత బిగించేశాను. రబ్బరు కరిగి అంటుకుపోయింది. అది నాకు తెలియలేదు. సాయంత్రం సంచి విప్పితే బియ్యం, అటుకులు, ఒక జత సాక్సులు అన్నీ స్పిరిట్ వాసన. ఆ రాత్రి బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి పద్ధతి ఇది: ఆర్పగానే గిన్నెలు తోమడానికి వెళ్తాను, తిరిగొచ్చాక బర్నర్‌ని వేలితో తాకి చూస్తాను, చల్లగా ఉంటేనే మూత. అయినా దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నిలబెట్టే సర్దుతాను.

మిగిలినదాన్ని మళ్ళీ సీసాలోకి పోయాలా అంటే, నేను పొయ్యను. సగం మండిన స్పిరిట్‌లో ఆల్కహాల్ ముందు పోయి నీళ్ళ పాలు పెరుగుతుంది. దాన్ని పదేపదే సీసాలో కలిపితే సీసా మొత్తం పలచబడుతుంది. మొదటే మసి పట్టకుండా పదో వంతు నీళ్ళు కలుపుతాం కాబట్టి ఇంకా ముందే దెబ్బతింటుంది. బర్నర్‌లోనే ఉంచి, మర్నాడు పొద్దున టీకి మొదట దాన్నే వెలిగిస్తాను. అంటుకోవడానికి మొరాయిస్తే పైన ఒక చెంచా కొత్తది పోస్తాను. వెలిగించక ముందు, ఆ తర్వాత కాదు.

ఇంతకంటే మంచిది అసలు మిగలకుండా చూడ్డం. మందు సీసా కొలతమూత ఒకటి దగ్గర పెట్టుకున్నాను. అర లీటరు నీళ్ళకి ఇరవై మిల్లీలీటర్లు, గాలుంటే ముప్పై. ఇది నా గిన్నెకి, నా చేతికి కుదిరిన లెక్క, మీది మీరు కొలుచుకోండి.

నాలుగేళ్ళ క్రితం ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముణ్ణి ఒకణ్ణి సరస్సు పక్కకి తీసుకెళ్ళాను. గుంటూరు అబ్బాయి, చురుకైనవాడు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ. నూడుల్స్ సగం ఉడికాయి. "అన్నా, ఆరిపోయింది, ఇంకాస్త పొయ్యనా?" అన్నాడు. నేను నీళ్ళ దగ్గర గిన్నె కడుగుతున్నాను. "ఆగు" అనేలోపే వాడు సీసా వంచేశాడు. అది స్పిరిట్ పోసుకోవడానికి చేసిన సీసా కూడా కాదు, మామూలు మంచినీళ్ళ సీసా. భగ్గుమంది. ఎండలో స్పిరిట్ మంట కంటికి కనబడదు, చప్పుడూ ఉండదు. నడిమి గుంటలో కొద్దిగా మండుతూనే ఉంది. పోస్తున్న ధార వెంట మంట సీసా మూతి దాకా పాకింది. వాడు భయపడి సీసా విసిరేశాడు. నాచు మీద నీలం మంట, అదీ అక్కడక్కడా మాత్రమే కనబడుతోంది. స్వెటర్ అంచు అంటుకుంది. తడి తువ్వాలు వాడి చేతికి చుట్టి, నాచు మీద రెండు గిన్నెల నీళ్ళు కుమ్మరించాను. చేతి మీద ఒక బొబ్బతో బయటపడ్డాడు. ముందురోజంతా వాన కురిసింది కాబట్టి సరిపోయింది. 2018 వేసవిలో ఈ దేశం అడవులు ఎలా తగలబడ్డాయో చూసినవాణ్ణి, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నీళ్ళు ఎందుకు పనిచేశాయంటే, స్పిరిట్ నీళ్ళలో కలిసిపోతుంది, పలచబడి ఆరుతుంది. ఇదే కిర్సనాయిలు మీద పోస్తే నూనె నీటి మీద తేలి మంటని ఇల్లంతా తిప్పుతుంది. అందుకే అమ్మ స్టవ్ పక్కన ఎప్పుడూ ఇసక డబ్బా ఉండేది. స్పిరిట్‌కైనా నీళ్ళు ధారాళంగా ఉండాలి. మండే బర్నర్‌లోకి చెంబెడు విసిరితే నిప్పు బయటికి పొర్లుతుంది. బర్నర్‌లో ఉన్న మంటకి మూత, బయట పడ్డ మంటకి నీళ్ళు.

ఆ సంఘటన తర్వాత ట్రాంగియా వాళ్ళ స్పిరిట్ సీసా కొన్నాను. మూతిలో ఒక కవాటం ఉంటుంది, నొక్కితేనే ధార వస్తుంది, వదిలితే ఆగిపోతుంది. ముందే కొనాల్సింది. అయినా మండుతున్న బర్నర్‌లో పొయ్యడానికి అది అనుమతి పత్రం కాదు. ఆరిందా లేదా తెలుసుకోవడానికి ఒక ఎండు గడ్డిపోచని పైన పట్టి చూస్తాను. ఆరిందని తేలాక కూడా రేకు మూసిన రింగు పెట్టి, ఐదు నిమిషాలాగి, ఇత్తడి చల్లారాకే పోస్తాను. అదీ సీసాతో కాదు, కొలతమూతతో. నూడుల్స్ చల్లారితే చల్లారనీ.

మధ్యలో బరువు తగ్గిద్దామని వేరే డిజైన్లూ చూశాను. కూల్‌డ్రింక్ డబ్బా కోసి బర్నర్ చేశాను (తిరిగిస్తే డబ్బులొచ్చే డబ్బాని పాడుచేశానని మా ఆవిడ గోల). బరువు పది గ్రాములైనా ఉంటుందో లేదో. మండటం చక్కగా మండింది. కానీ నిప్పు ఆర్పడానికి మూత లేదు, మిగిలినది తీయడానికి దారి లేదు, మోచెయ్యి తగిలితే బోర్లా పడుతుంది. పోసిందంతా మండి అయిపోవాల్సిందే. ఒంటరిగా నడుస్తూ నీళ్ళు మాత్రమే కాచుకునేవాళ్ళకి సరే, ఇద్దరు కూర్చుని వంట చేసేచోట వద్దు. లోపల పీచు కుక్కిన బర్నర్ కూడా ఒక ఏడాది వాడాను. స్పిరిట్‌ని పీచు పీల్చుకుంటుంది, పక్కకి వాలినా తొణకదు. పిల్లలున్నచోట ఆ గుణం చాలా మంచిది. అయితే ఎంత మిగిలిందో కంటికి తెలియదు, బయటికి వంచలేం. ఎంతుందో తెలియని దానిలోకి మళ్ళీ పోస్తే పీచు పట్టుకోగలిగినదానికంటే ఎక్కువై పైకి చిమ్ముతుంది. నాకు కుదరలేదు.

చలికాలం ఇంకో తలనొప్పి. ఇథనాల్ సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అగ్గిపుల్లకి తేలిగ్గా అందుకోదు, నీళ్ళు కలిపినదైతే మరీను. మైనస్ పదిలో అగ్గిపుల్ల స్పిరిట్‌లో ముంచితే చుయ్‌మని ఆరిపోతుంది. అందుకని రాత్రి బర్నర్‌ని కోటు లోపలి జేబులో పెట్టుకుంటాను (మరమూత సరిగ్గా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే). అంత చల్లని స్పిరిట్ వేళ్ళ మీద పడితే చర్మం కొరికేస్తుంది, గ్లవ్స్ తియ్యకండి. టెంట్ తలుపు బయట ఎంత చలిగా ఉన్నా లోపల వెలిగించకండి. మంట నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు.

యాత్ర చివర సీసాలో మిగిలేది ఒక సమస్య. విమానంలో తీసుకెళ్ళనివ్వరు. నేను స్వీడన్ ఉత్తరాదికి రాత్రి రైల్లో వెళ్తాను, వెనక్కి వచ్చేటప్పుడు మిగిలిన పావు లీటరు దారిలో కలిసిన నడకవాళ్ళకి ఇచ్చేస్తాను. ఇంట్లో పాతబడి పాడైనదాన్ని సింకులో ఒంపను, మునిసిపాలిటీ ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇస్తాను. ఇండియాలో వాడదామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక: పాలిష్ పనికి అమ్మే స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉండొచ్చు. దాని ఆవిరి పీల్చినా, చేతికంటినా ఒంట్లోకి పోతుంది. సీసా మీద ఏం రాసుందో చదవకుండా కొనకండి.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. మంట తగ్గించే రింగుని పట్టకారుతో మండుతున్న బర్నర్ మీద సరిగ్గా పెట్టడం తొమ్మిదేళ్ళకీ అలవాటు కాలేదు, మూడింట ఒకసారి పక్కకి పడుతుంది. సెట్టు ముప్పావు కిలోకి అటూఇటూ ఉంటుంది, ఒంటరిగా వెళ్ళేవాడికి ఎక్కువే. పొద్దున్నే హడావిడిగా బయల్దేరేవాళ్ళు గ్యాస్ కొనుక్కోండి. నిదానంగా వండుకుని, తిని, మిగిలింది మూతపెట్టి దాచుకునే ఇద్దరికి ఇదే.

ఇప్పటికి మూడుసార్లు రబ్బరు రింగు మార్చాను, ఇంకేదీ పాడవలేదు. ఇత్తడి మాత్రం నల్లబడింది. పోయిన నెల అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూసి, "చింతపండు పెట్టి తోమకూడదురా?" అంది.