టెక్సస్ చిన్న కౌంటీల నుంచి విడాకుల డిక్రీ: నాలుగుసార్లు తెప్పించుకున్నాక నా అనుభవం

నాకు 2013లో విడాకులు వచ్చాయి. పడమటి టెక్సస్‌లో పత్తి చేలు, గాలిమరలు తప్ప ఇంకేమీ కనిపించని ఒక కౌంటీలో. కౌంటీ అంటే రాష్ట్రంలో మన జిల్లా లాంటి ఒక విభాగం. అక్కడి చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా మూడేళ్లు పనిచేశాను. టెక్సస్‌లో విడాకులకు పెట్టుకోవాలంటే ఇద్దరిలో ఒకరైనా ఆరు నెలలుగా ఆ రాష్ట్రంలో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉంటూ ఉండాలి. అందుకని ఉన్నచోటే కేసు వేశాం. మరుసటి ఏడాది నేను డాలస్ వైపు వచ్చేశాను. విడాకులు ఇస్తూ కోర్టు రాసిన డిక్రీ మాత్రం అక్కడే ఉండిపోయింది, ఊరు మారినా రేషన్ కార్డు పాత ఊళ్లోనే ఉండిపోయినట్టు. అప్పటి నుంచి నా కోసం మూడుసార్లు అక్కడి కోర్టు రికార్డుల ఆఫీసుతో, తెలిసిన ఒక అబ్బాయి కోసం ఒకసారి ఇంకో చిన్న కౌంటీ ఆఫీసుతో పని పడింది. కౌంటీ పేరు చెప్పను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముందు నేను చేసిన తప్పులు. డిక్రీ కాపీ కావాలంటే ఎవరైనా మొదట గూగుల్ చేస్తారు, నేనూ అదే చేశాను. 'పబ్లిక్ రికార్డ్స్' అంటూ ఊరించే వెబ్‌సైట్లు వరసగా వచ్చాయి. ఒకదానికి 30 డాలర్లు కట్టాను. నా పేరు, కౌంటీ, సంవత్సరం, 'డివోర్స్' అన్న మాట చూపించింది. మొదటి మూడూ నేను టైపు చేసినవే. తర్వాత ఆస్టిన్‌లో ఉండే, జనన మరణాల నమోదు చూసే రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ విభాగానికి 20 డాలర్లు పంపి వెరిఫికేషన్ లెటర్ తెప్పించుకున్నాను. ఇందులో మోసం ఏమీ లేదు. వాళ్ల దగ్గర 1968 నుంచి జరిగిన విడాకుల వివరాలు ఉంటాయి, ఫలానా విడాకులు నమోదయ్యాయి అని రాసిస్తారు. కానీ అది డిక్రీ కాదు, డిక్రీకి బదులుగా చెల్లదు. ఏ కౌంటీలో జరిగిందో తెలియనివాళ్లకు మొదటి మెట్టుగా పనికొస్తుంది. నాలాగా కౌంటీ తెలిసినవాళ్లకు దండగ.

అసలు కాగితం ఉండేది విడాకులు ఇచ్చిన కౌంటీలోని డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. డిస్ట్రిక్ట్ అనగానే మనకు కలెక్టరేటు గుర్తొస్తుంది కదా, అక్కడ లెక్క వేరు. పెళ్లి లైసెన్సులు, భూమి దస్తావేజులు కౌంటీ క్లర్క్ దగ్గర, విడాకుల కేసులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. డాలస్ లాంటిచోట ఒకరి పనికి ఇంకొకరి దగ్గరికి వెళ్తే తిప్పి పంపేస్తారు. చిన్న కౌంటీల్లో ఆ బాధ లేదు. జనాభా 8,000 లోపు ఉన్నచోట సాధారణంగా రెండు పదవులూ ఒకరివే. టెక్సస్‌లో 254 కౌంటీలు, వాటిలో లవింగ్ కౌంటీ అని ఒకటుంది, 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 64 మంది. మా వీధిలో వినాయకుడి పందిరి దగ్గర అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మా కౌంటీ మరీ అంత చిన్నది కాదు గానీ, ఆఫీసులో క్లర్కు, ఇద్దరు డిప్యూటీలు, ఒక కాఫీ మెషీను. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా తాళం.

మొదటిసారి 2015లో. పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటూ భర్త పేరు తీయించాలంటే డిక్రీ కావాలి. లాయరు ఇచ్చిన ఒకే ఒక్క సర్టిఫైడ్ కాపీ, అంటే క్లర్కు ముద్రా సంతకమూ ఉన్న కాపీ, ఇల్లు మారడంలో పోయింది. ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తింది. కేసు నంబరు అడిగింది. నా దగ్గర లేదు. నంబరు లేకపోతే వెతకడానికి 5 డాలర్లు, ఆపైన సర్టిఫైడ్ కాపీకి పేజీకి ఒక డాలరు అంది. సరే అన్నాను. అరగంట తర్వాత తనే ఫోన్ చేసింది: "హనీ, నీ పేరు మీద ఏమీ లేదు."

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగి చదవాలి. నా పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి రెండో గడిలోనే. అమెరికా వీసా మీద అది 'ఎఫ్.ఎన్.యు.'గా మారింది, అంటే మొదటి పేరు తెలియదని. డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా ఉంది. కోర్టులో దరఖాస్తు వేసింది నా మాజీ భర్త, కాబట్టి ఇండెక్సులో ముందు ఉన్నది ఆయన పేరు. ఆయనకు ఇంటిపేరు చివర కాకుండా వాళ్ల నాన్నగారి పేరు చివర వచ్చింది. ఆ పెద్దావిడ నా ఇంటిపేరుతో వెతికింది, ఆయన ఇంటిపేరుతో వెతికింది. చివరికి "ఆ సంవత్సరం మీ ఊళ్లో ఇండియా పేర్లతో వచ్చిన కేసులు ఎన్ని ఉంటాయమ్మా" అని నేనే అడిగాను. నవ్వింది. ఒకటే ఉంది. దొరికింది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెప్పేది ఇదే. కాగితం చేతికి రాగానే కేసు నంబరు ఫోనులో రాసి పెట్టుకోండి. వాళ్ల భాషలో అది 'కాజ్ నంబర్'. అది చెబితే పేరు ఎన్ని ముక్కలైనా పర్వాలేదు.

రెండోసారి 2017లో, కాస్త టెన్షన్ పడిన వ్యవహారం. విజయవాడలో రెండో పెళ్లి కుదిరింది. అవతలివాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల బాబాయి హైకోర్టు లాయరు. ఆయన మొదటి ప్రశ్న: "అమెరికా డిక్రీ సరేనమ్మా, నువ్వు ఆ కోర్టుకు ఒప్పుకున్నట్టు కాగితం ఏదీ?" అప్పుడే ఆయన 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు సంగతి చెప్పారు. అది తెలుగువాళ్ల కేసే. తిరుపతిలో పెళ్లి, మిస్సోరి రాష్ట్రంలోని కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు, తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ మిస్సోరి డిక్రీ ఇండియాలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అవతలి పక్షం ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు లోబడిందా లేదా అన్నది అందులో పెద్ద ప్రశ్న. నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. అక్కడి డిప్యూటీ క్లర్కు సర్టిఫై చేసిన ఫొటోస్టాట్ కాపీ గురించి కూడా కోర్టు మాట్లాడింది. కాపీ కావడం తప్పు కాదు, భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేకపోవడం లోపం అంది. ఒక గుమస్తా ముద్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లిందన్నమాట.

కాబట్టి ఈసారి డిక్రీ ఒక్కటే కాదు, మొదటి పిటిషను, నేను నోటీసు అవసరం లేదని సంతకం చేసిన 'వేవర్ ఆఫ్ సర్వీస్', మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు అడిగాను. మొత్తం 26 పేజీలు. పర్సనల్ చెక్కు తీసుకోం అన్నారు, అందుకని మనీ ఆర్డరు పంపాను. స్టాంపు అంటించి నా అడ్రసు రాసిన కవరు కూడా లోపల పెట్టాను. పది రోజుల్లో వచ్చింది. కానీ విప్పి చూస్తే ముద్ర లేదు! ఉత్త జిరాక్సు. ఫోన్ చేస్తే కొత్త డిప్యూటీ పొరపాటున పంపిందట. మళ్లీ పంపారు, డబ్బులు అడగలేదు. కానీ నాకు రెండు వారాలు పోయాయి, పెళ్లి ముహూర్తం ఆరు వారాల్లో ఉంది. కౌంటీ పేరు ఎందుకు రాయనన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక్క పొరపాటుకు ముగ్గురున్న ఆఫీసును ఊరంతటి ముందు నిలబెట్టడం నాకిష్టం లేదు.

తర్వాత అపోస్టిల్. సర్టిఫైడ్ కాపీ మీద క్లర్కు సంతకం నిజమైనదేనని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇచ్చే కాగితం అది. ఫారం 2102 నింపి, ఏ దేశానికో రాసి, ఒక్కో పత్రానికి 15 డాలర్లు కట్టి ఆస్టిన్ పంపాలి. అపోస్టిల్ ఉన్న పత్రాలను ఒకరివి ఒకరు ఒప్పుకోవడానికి దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది, 2005 నుంచి ఇండియా కూడా అందులో ఉంది కాబట్టి దీనికోసం కాన్సులేటు చుట్టూ తిరగక్కర్లేదు. జిరాక్సుకు ఇవ్వరు. ముద్రా సంతకమూ ఉన్న సర్టిఫైడ్ కాపీనే పంపాలి. బాబాయిగారు చూసి, కళ్లజోడు తీసి, "బాగానే ఉంది" అన్నారు. ఆయన నోటి నుంచి అంతకంటే మెచ్చుకోలు రాదని తర్వాత మా ఆయన చెప్పాడు.

మూడోసారి 2021లో గ్రీన్ కార్డు కోసం. దరఖాస్తుతో జిరాక్సు సరిపోయింది, ఇంటర్వ్యూకు అసలుది పట్టుకెళ్లాను. పాతవి అపోస్టిల్‌తో సహా విజయవాడలో ఉండిపోయాయి కాబట్టి మళ్లీ తెప్పించుకున్నాను. కేసు నంబరు చెప్పగానే ఐదు నిమిషాల్లో పని అయింది. దీని గురించి ఇంకేమీ లేదు.

నాలుగోది మా ఊరి అబ్బాయిది, "అక్కా" అంటూ ఏ కాగితమున్నా నా దగ్గరికే వస్తాడు. వాడు పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి టెక్సస్‌లోనే వేరే చిన్న కౌంటీలో 2018లో విడాకులు అయ్యాయి. ఇక్కడ నా పాత పద్ధతి పనికిరాలేదు, ఎందుకంటే పని ఇంకా తేలికైంది. జనాభా 20,000 లోపు కౌంటీల్లో 2016 జూలై నుంచి లాయర్లు సివిల్ కేసులను ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయాలి. అంటే ఆ తర్వాతి కేసులు చాలావరకు కంప్యూటర్లో ఉంటాయి. మరుసటి రోజుకల్లా పేజీల లెక్క ఈమెయిల్లో వచ్చింది. నా 2013 కేసు మాత్రం ఇప్పటికీ అట్ట ఫైల్లోనే.

వాడు ఇంకో మాట అడిగాడు: "అక్కా, వేరేవాళ్లు కూడా ఇవి చూడొచ్చా?" చూడొచ్చు. ఎవరికీ చూపించొద్దని జడ్జి ఆదేశిస్తే తప్ప విడాకుల కేసు పబ్లిక్ రికార్డే. పేజీకి డాలరు ఇస్తే మీ పక్కింటాయన కూడా తెప్పించుకోగలడు. మొదటిసారి తెలిసినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. కారు ఎవరికి, కుక్క ఎవరికి అన్నదాకా అందులో ఉంది.

మార్కులు వేయమంటే ఆ చిన్న ఆఫీసుకు ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది ముద్ర లేని జిరాక్సుకు. పెద్ద కౌంటీలో వెబ్‌సైటు బాగుంటుంది. ఇక్కడ ఫోన్ ఎత్తే మనిషి ఉంటుంది. సోమవారం పొద్దున చేయకండి, కోర్టు ఉన్న రోజు చేయకండి, ఏ పత్రం, ఎన్ని కాపీలు, సర్టిఫైడా కాదా అన్నది ముందే కాగితం మీద రాసుకుని చేయండి.

2021లో ఒకేసారి మూడు కాపీలు తెప్పించాను. డిక్రీ 17 పేజీలు, మొత్తం 51 డాలర్లు. ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి ఇంట్లో ఫైల్లో. మూడోది అమ్మకు ఇచ్చాను. బీరువాలో పొలం పాస్‌బుక్కు పక్కన పెట్టింది.