కట్లపాము కరిస్తే గుణియా దగ్గరికా, దగ్గరి ఆసుపత్రికా, బరంపురానికా: ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం వైపు పల్లెల్లో ఈ తర్జనభర్జన తప్పదు. పాము కరిచిన మనిషిని మంత్రం వేసే గుణియా దగ్గరికి తీసుకెళ్లాలా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికా, నేరుగా బరంపురం మెడికల్ కాలేజీకా? కట్లపాము విషం ఒంట్లో ఎక్కడ దెబ్బ కొడుతుందో తెలిస్తే జవాబు దానంతటదే తేలుతుంది.

మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయలుదేరి ఒళ్లంతా అల్లుకుంటాయి. అయితే నరం కొస కండరాన్ని నేరుగా తాకదు. మధ్యలో కంటికి ఆననంత సన్నటి ఖాళీ ఉంటుంది. మెదడు పంపిన విద్యుత్ సంకేతం నరం కొసకు చేరగానే అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ ఖాళీ దాటి, కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలకు అతుక్కుంటుంది. అప్పుడే కండరం కదులుతుంది. రెప్ప ఎత్తాలన్నా, గుటక వేయాలన్నా, ఊపిరి పీల్చాలన్నా ఇదే దారి.

నాగుపాము విషం ఆ గ్రాహకాలను మూసేస్తుంది. కట్లపాము విషం ఇంకా మొండిది, రసాయనం విడుదలయ్యే నరం కొసనే పాడుచేస్తుంది. అందుకే నాగుపాము కాటుకు పనిచేసే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ దీనికి అంతగా పనిచేయదు. విరుగుడు మందు కూడా రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది, పాడైపోయిన కొసలను బాగుచేయలేదు. అవి మళ్లీ చిగురించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకూ ఆ మనిషికి మనం ఊపిరి పోయాలి.

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు వస్తే ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. తర్వాత రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. వాలిన రెప్పలను చూసి నిద్రమత్తు అనుకుని పడుకోబెట్టేయకండి.

ఇక గుణియా. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వచ్చే మనిషి ఆయన, ఆ మంచితనాన్ని కాదనను. కానీ కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, విషప్పాములు కూడా ఒక్కోసారి విషం ఎక్కించవు. అలాంటి కాటు తిన్నవాళ్లంతా మంత్రంతో బతికినట్టే కనిపిస్తారు. కట్లపాము దగ్గర ఆ లెక్క తప్పుతుంది. కోయడం, బిగించి కట్టడం వల్ల మేలు లేకపోగా కీడే. గంట పోతే గంట పోయినట్టే.

బరంపురంలో వెంటిలేటర్ ఉంటుంది, నిజమే. కానీ దారిలోనే ఊపిరి ఆగితే? నా మాట ఒక్కటే: విరుగుడు మందు ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లండి. బయలుదేరుతూనే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి, నడిపించకండి. అక్కడ మందు ఎక్కించి, ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసి, దారి పొడవునా చేత్తో బ్యాగు నొక్కుతూ ఊపిరి అందించే మనిషిని తోడిచ్చి పంపితే అప్పుడు బరంపురం. ఆంధ్ర వైపు పాతపట్నం దగ్గరైతే పాతపట్నమే. కార్డు ఒడిశాదా ఆంధ్రదా అని ఆగే వేళ కాదది.

ఒడిశా ప్రభుత్వం 2015లో పాముకాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షల సాయం ఉంది, దానికి ఆసుపత్రి కాగితాలు కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఈ విషం మెదడును మొద్దుబార్చదు. వేలు కదలకపోయినా, వెలుతురుకు కంటిపాప స్పందించకపోయినా ఆ మనిషికి తెలివి ఉండొచ్చు, మన మాటలన్నీ వినబడుతూ ఉండొచ్చు. అలా చూసి ప్రాణం పోయిందని తేల్చేయకూడదు. సిస్టర్ ఒడియాలో చెప్పింది మీరు చెవి దగ్గర తెలుగులో చెప్పండి: "మామయ్యా, మిషను ఊపిరి ఇస్తోంది, ఇప్పుడు సూది వేస్తారు, భయపడకు." ఖర్చుల గొడవ, ఏడుపులు ఆ గది బయటే ఉండాలి.