వెనీలా ఎక్స్‌ట్రాక్ట్: కొనాలా, ఇంట్లో చేసుకోవాలా?

కొన్న సీసా అయితే మూత తీసిన వెంటనే వాడుకోవచ్చు. ఇంట్లో చేసేదానికి ఓపిక కావాలి: 40 శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కా 250 మిల్లీలీటర్లకు దాదాపు 25 గ్రాముల వెనీలా కాయలు నిలువునా చీల్చి, పూర్తిగా మునిగేలా వేసి, చీకటి అల్మరాలో కనీసం 6 నెలలు ఉంచాలి. కొద్ది వారాల్లోనే వోడ్కా తేనె రంగుకు తిరుగుతుంది, ఆవగింజకన్నా సన్నని నల్ల గింజలు అడుగున చేరతాయి. ఆ రంగు చూసి తొందరపడకండి, అప్పటికింకా సారా వాసనే కొడుతుంది.

ఎప్పుడో ఒక కేకు చేసేవాళ్లకు కొనడమే మేలు. తరచూ చేసేవాళ్లకు, కాయలు టోకున దొరికితే, ఇంటిదే కలిసొస్తుంది. వాడేసిన కాయలు ఆరబెట్టి చక్కెర డబ్బాలో వేస్తే అదీ ఘుమఘుమలాడుతుంది. లెక్క మాత్రం అసలైన ఎక్స్‌ట్రాక్ట్ ధరతోనే వేసుకోండి. చవక ఎసెన్సులో సాధారణంగా ఉండేది కృత్రిమ వెనిలిన్ (వెనీలా వాసననిచ్చే పదార్థం), ధరలో దాంతో ఇంటిది పోటీ పడలేదు.