శిలాజాల సున్నపురాయి, పాలరాయి: గుర్తించడంలో తేడా
రెండింటిలోనూ ప్రధాన ఖనిజం కాల్సైటే కావడం వల్ల, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే రెండూ బుసబుస పొంగుతాయి; కాఠిన్యం మోస్ కొలమానంలో (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే కొలత) సుమారు 3 కాబట్టి చాకు మొన రెండింటినీ గీస్తుంది. అందువల్ల ఈ పరీక్షలకంటే భూతద్దమే నమ్మదగినదని నా అభిప్రాయం. సున్నపురాయిలో ఆల్చిప్పల వంపు గీతలు, పగడాల గదులు, నడుమ చిన్న రంధ్రంతో పూసల్లా ఉండే క్రినాయిడ్ (కాడతో ఉండే పువ్వులాంటి సముద్ర జీవి) కాడ ముక్కలు, వాటిని పట్టి ఉంచిన సన్నని సున్నపు బురద కనిపిస్తాయి. ఎండవానలకు అరిగిన ముఖం మీద ఆ గుల్లలు తరచుగా ఉబ్బి, మరింత స్పష్టంగా నిలుస్తాయి. పాలరాయిలో వేడిమి, పీడనాల వల్ల కాల్సైట్ తిరిగి స్ఫటికీకరించి, పంచదార పలుకుల్లా మెరిసే రేణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి. శిలాజాల ఆనవాళ్లు దాదాపుగా చెరిగిపోతాయి. వ్యాపారంలో మెరుగుపెట్టిన సున్నపురాయిని కూడా మార్బుల్ అనే పిలుస్తారు కనుక, గుల్లలు స్పష్టంగా కనిపించే మార్బుల్ పలక సాధారణంగా సున్నపురాయే.