చెరకు దీవి, జాజికాయ దీవి

సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, గ్రెనడా రెండూ కరీబియన్‌లోని బుల్లి దేశాలే. రెండూ బ్రిటిష్ వాళ్ల కింద నలిగినవే. గ్రెనడాకు 1974లో, కిట్స్‌కు 1983లో స్వాతంత్ర్యం వచ్చింది. వాడే డాలర్ కూడా ఒకటే.

తేడా అంతా పంటలో ఉంది. కిట్స్ వందల ఏళ్లు చెరకునే నమ్ముకుంది. ఆ తోటల్లో రక్తం ధారపోసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. చివరికి నష్టాలు భరించలేక 2005లో ప్రభుత్వమే చక్కెర పరిశ్రమను మూసేసింది. చెరకు మోసిన బుల్లి రైలు పట్టాల మీద ఇప్పుడు టూరిస్టులు తిరుగుతున్నారు. పెట్టుబడి పెట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే పథకాన్ని మాత్రం కిట్స్ 1984లోనే మొదలుపెట్టింది. ముందుచూపంటే అదీ!

గ్రెనడాది జాజికాయ. జెండా మీద కూడా అదే. కాయ పగిలితే లోపల నల్లటి గింజ, దాన్ని చుట్టుకుని ఎర్రటి జాపత్రి. ఒక్క కాయలో రెండు సరుకులు. కానీ 2004లో ఐవన్ తుపాను చెట్లను చాలావరకు నేలమట్టం చేసింది. చెరకైతే మళ్లీ నాటితే ఏడాదికో ఏడాదిన్నరకో చేతికొస్తుంది, జాజి చెట్టు కాపుకు ఏళ్లు పడుతుంది. అయినా కోకో, టూరిజం, 1977 నుంచి విదేశీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న మెడికల్ కాలేజీ ఆదుకున్నాయి. నా ఓటు గ్రెనడాకే. అలాగని పాస్‌పోర్టుల దగ్గర అదేం తక్కువ తినలేదు, 2013లో తనూ దుకాణం తెరిచింది.