పారసైటా, టోక్యో గూలా: ముందు ఏది చూడాలి?

హారర్ యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్‌లు) మొదలుపెడదామనుకునే ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఇదే. మొన్న మా పిన్ని కొడుకు అడిగితే ఫోన్లో అరగంట వాయించాను. ఆ గోలంతా ఇక్కడ రాసేస్తే మళ్లీ చెప్పే పని తప్పుతుంది. (పారసైట్ అంటే ఆస్కార్ కొట్టిన కొరియా సినిమా కాదు. మ్యాడ్‌హౌస్ అనే జపాన్ స్టూడియో వాళ్ల సిరీస్, పేరు చివర ‘ది మాక్సిమ్’ అని తోక ఉంటుంది.) కథలోని ముఖ్యమైన మలుపులు కొన్ని బయటపెడుతున్నాను, వద్దనుకుంటే ఇక్కడే ఆగండి.

రెండూ 2014లోనే మొదలయ్యాయి, టోక్యో గూల్ జులైలో, పారసైట్ అక్టోబర్‌లో. రెండింట్లోనూ మనుషుల మధ్యే తిరుగుతూ మనుషుల్ని తినే జీవులు, అటూ ఇటూ కాకుండా పోయిన ఓ కుర్రాడు. రక్తానికి ఎక్కడా లోటు లేదు కాబట్టి దాన్నిబట్టి తేల్చలేం. నేను చూసేది ఒక్కటే: ఆ కుర్రాడు మనిషితనం పోగొట్టుకుంటున్నాడని మనకెలా తెలుస్తోంది?

టోక్యో గూల్ హీరో కానేకికి అది కడుపులో తెలుస్తుంది. రిజే అనే గూల్ (మనుషుల్ని తినే జీవి) అవయవాలు అమర్చాక మామూలు తిండి ఏది నోట్లో పెట్టినా కక్కేస్తాడు, కాఫీ ఒక్కటే దిగుతుంది. మొదటి సీజన్ చివర్లో చిత్రహింసలకు జుట్టు తెల్లబడిపోతుంది. అంతా కళ్లకు కనిపించే మార్పే. ఆ ఓపెనింగ్ పాట తోడయితే చెప్పక్కర్లేదు, నేనూ పడిపోయాను.

పారసైట్ హీరో షినిచిది వేరే రకం. మెదడులో చేరి మనిషి ఒంటిని ఆక్రమించే పరాన్నజీవి, వీడి విషయంలో మెదడుకు చేరకుండా కుడిచేతిలోనే ఆగిపోయింది. అదే మిగి. ఓ రోజు ఊరెళ్లిన తండ్రి ఫోన్ చేసి అమ్మను చంపేశారని చెబుతాడు. కాసేపటికే అమ్మ తలుపు తీసుకుని ఇంట్లోకొస్తుంది. చిన్నప్పుడు తనమీద పడబోయిన కాగే నూనెకు చెయ్యి అడ్డం పెట్టి కాల్చుకున్న అమ్మ. అది అమ్మ కాదని మిగి మొత్తుకుంటున్నా వీడు చెయ్యెత్తలేడు, అమ్మ ఒంటిని ఆక్రమించిన పరాన్నజీవి వీడి గుండెలో పొడుస్తుంది. మిగి తన కణాలతో ఆ గుండెను అతికిస్తుంది.

అక్కణ్నుంచి షినిచికి బలం వస్తుంది, ఏడుపు మాత్రం రాదు. రోడ్డు మీద కారు గుద్దిన కుక్కపిల్లను ఊపిరి పోయేదాకా ఒళ్లో పట్టుకుంటాడు. పక్కనున్న స్నేహితురాలు మురానో మనసు కరిగిపోతుంది. చచ్చాక దాన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేస్తాడు. మురానో ముఖం మారేదాకా వాడికి తప్పు చేశానని కూడా తెలియదు. మళ్లీ కన్నీళ్లు రావడానికి చాలా ఎపిసోడ్లు పడుతుంది, అదీ ఎవరివల్ల వస్తాయో చూస్తే మతిపోతుంది. తెల్లజుట్టు కన్నా నన్ను భయపెట్టింది ఈ చెత్తడబ్బానే.

పారసైట్‌లో లోపం లేదా అంటే, ఉంది. గుండె బరువెక్కే చోట కూడా డబ్‌స్టెప్ (దడదడలాడే ఎలక్ట్రానిక్ సంగీతం) మోత మోగించిన మహానుభావుడికో దండం.

ఇంకో సంగతి. పారసైట్‌కు మూలమైన ఇవాకి హితోషి మాంగా (జపాన్ కామిక్స్) 1995లోనే 10 సంపుటాల్లో అయిపోయింది, యానిమే దాన్ని 24 ఎపిసోడ్లలో చివరికంటా చెప్పేసింది. టోక్యో గూల్ రెండో సీజన్ మాంగాను వదిలేసి సొంత దారి పట్టింది, 2018లో వచ్చిన ‘రీ’ మళ్లీ మాంగా దారికొచ్చింది. యానిమే మాత్రమే చూసినవాళ్లకు మధ్యలో ఏం జరిగిందో అంతుపట్టదు. టోక్యో గూల్ నచ్చితే మొదటి సీజన్ చూసి, ఆపైన మాంగా పట్టుకోండి.

పారసైట్ మీద జపాన్‌లో రెండు భాగాల సినిమా ఉంది, తీరిక ఉంటే చూడొచ్చు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొరియా సిరీస్ 6 ఎపిసోడ్లే, పాత్రలూ కథా వేరే. టైంపాస్.

మావాడు పారసైట్‌తోనే మొదలెట్టాడు. అన్నం తింటూ చూడకురా అని చెప్పడం మర్చిపోయాను. మొదటి ఎపిసోడ్‌లో మొగుడి తల విచ్చుకుని పెళ్లాం తలను మింగేసే దగ్గరే కంచం పక్కన పెట్టేశాడట.