1882 నాటిదని అమ్ముతున్న ఇనుప హుండీ నకిలీది: అమెరికాలో పాత బొమ్మలు కొనేవారికి హెచ్చరిక

మీట నొక్కితే బొమ్మ కదిలి నాణెం వేసుకునే పాతకాలపు ఇనుప హుండీలు సేకరించే మిత్రులకు మనవి. "1882 నాటి అసలైన జాలీ బ్యాంక్ (హుండీ), తాతల కాలం నుంచి మా ఇంట్లోనే ఉంది" అన్న ప్రకటన కనిపిస్తే ఆగండి. ఆ మాట నమ్మి 350 డాలర్లు చెల్లించాను. ఇంటికొచ్చింది ఈ మధ్య పోతపోసిన నకలు. వెనక్కి తీసుకోమని అడిగితే, పాత వస్తువులకు వాపసు ఉండదని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఇది ఎలాంటి వస్తువో తెలియకుండా కొంటున్నవారూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నడుము వరకు ఉన్న నల్లజాతి మనిషి బొమ్మ. ఎర్ర కోటు, ఉబ్బిన ఎర్రటి పెదవులు, పొడుచుకొచ్చిన తెల్లగుడ్లు. అరచేతిలో నాణెం పెట్టి వెనకున్న మీట నొక్కితే చెయ్యి పైకి లేచి దాన్ని నోట్లో వేసుకుంటుంది, కనుగుడ్లు తిరుగుతాయి, నాలుక లోపలికి పోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో షెపర్డ్ హార్డ్‌వేర్ కంపెనీ దీన్ని తయారుచేసింది. పేటెంటు తేదీ 1882 మార్చి 14. అంటే బానిసత్వం రద్దయిన పదిహేడేళ్లకు, పిల్లలకు పొదుపు నేర్పే బొమ్మగా ఇది ఇళ్లలోకి వచ్చింది. దాని అసలు పేరులో నల్లవారిని తిట్టే మాట ఉంది, దాన్ని ఇక్కడ రాయను. అమ్మేవారు ఆ మాట తీసేసి "ముచ్చటైన జానపద కళ" అని రాస్తున్నారు. వస్తువు వయసు విషయంలో ఎంత మోసం ఉందో ఈ వర్ణనలోనూ అంతే ఉంది.

కనెటికట్‌లోని క్రోమ్‌వెల్‌లో జె అండ్ ఇ స్టీవెన్స్ కంపెనీ తయారుచేసిన, పేకముక్కలు పట్టుకుని పడుకున్న చైనా మనిషి హుండీకి కూడా పేటెంటు వచ్చింది అదే 1882లో. మీట నొక్కితే చేతిలోని నాలుగు ఆసులు బయటపడతాయి, పక్కన దుంగలోంచి ఎలుక తొంగిచూస్తుంది. చైనా కూలీలు దేశంలోకి రాకుండా అమెరికా చట్టం చేసింది ఆ ఏడాది మే నెలలోనే. ఐరిష్ వలసదారు నోట్లోకి పంది నాణెం తన్నే హుండీ కూడా అప్పటిదే. ఎవరిని చూసి నవ్వాలో పసివాళ్లకు చేతిలో పెట్టి నేర్పిన కాలమది.

అందుకే ఇలాంటివి దాచాలని నేను నమ్ముతాను. నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరిలో మా ఊరి గ్రంథాలయంలో వివరణతో ప్రదర్శించాలని దీన్ని కొన్నాను. మిషిగన్‌లో ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలోని జిమ్ క్రో మ్యూజియం ఇలాంటి వస్తువులతోనే జాతి వివక్ష గురించి పాఠం చెబుతోంది. అసలు హుండీ ఆనాటి సమాజం మీద సాక్ష్యం. నకలు అలా కాదు. ఆ అవమానాన్ని ఈ రోజుల్లో ఎవరో కొలిమి వెలిగించి, అచ్చు తీసి, రంగు పూసి మళ్లీ తయారుచేస్తున్నారు. మనం కట్టే డబ్బు ఆ పనికే పోతుంది. 350 డాలర్లకంటే నన్ను ఎక్కువ బాధించింది ఇదే.

నాకు వచ్చినదాన్ని తిరగేసి చూస్తే పీఠం లోపల ప్లస్ గుర్తు తలతో ఉన్న స్క్రూ కనిపించింది. ఫిలిప్స్ అనే ఈ రకం స్క్రూలు 1930లలో గానీ రాలేదు. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపిన చోట గోరు దూరేంత సందు ఉంది. పాత పోత పని అలా ఉండదు, అంచులు అతుక్కుపోయినట్టు కలుస్తాయి. ఇనుము ఇసుక కాగితంలా గరుకుగా ఉంది, తుప్పు నారింజ రంగులో పొడిపొడిగా రాలుతోంది. నిజంగా పాతబడిన ఇనుము ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు కూడా చేతులు తగలని మూలల్లో అరిగి, రోజూ నొక్కే మీట మీద చెక్కుచెదరకుండా ఉంది.

పేటెంటు తేదీ చూసి మాత్రం నమ్మకండి. అసలు బొమ్మను అచ్చుగా పెట్టి పోసిన నకలు మీదకు ఆ అక్షరాలు కూడా వచ్చేస్తాయి. కొలత అలా మోసం చేయదు. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది, అందువల్ల నకలు అసలుకంటే చిన్నదవుతుంది. అసలు హుండీల పీఠం అంచు చుట్టూ గీసిన గీతలు అచ్చువేసిన పుస్తకాలు ఉన్నాయి, వాటితో పోల్చండి. 1950లలో బాహాటంగా నకళ్లుగా అమ్మిన హుండీలకు అడుగున ముద్ర ఉండేది. ఆ చోట ఆకురాయి గీతలు కనిపిస్తే ముద్రను అరగదీశారని అనుమానించాలి.

నేను కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఈలోగా అదే ఫోటోతో అదే ప్రకటన మళ్లీ వచ్చింది. డబ్బు కట్టేముందు అడుగుభాగం, అతుకులు, స్క్రూలు దగ్గరగా కనిపించే ఫోటోలు, పీఠం కొలత రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే కొనవద్దు. ఇప్పటికే కొని ఉంటే దాన్ని కడగకండి, రుద్దకండి. వచ్చిన పెట్టె, ప్రకటన ప్రతి దాచి, గడువు దాటకముందే ఫిర్యాదు చేయండి.